గంగాళంలో గురువుగారు

ఒకానొక రాజ్యం ఉండేది. పేరు సోమవాక. అక్కడ సూర్యుడు కూడా తొందరపడడని, తూర్పుకొండ మీద కాసేపు చతికిలబడి, ఒళ్ళు విరుచుకుని, సరే పోదాంలే అన్నట్టు పైకి వస్తాడని పొరుగు రాజ్యాలవాళ్ళు నవ్వుకునేవారు.

నవ్వుకోరూ మరి! ఆ రాజ్యంలో పరుగెత్తడం నేరం. గబగబా నడవడమూ నేరమే. ఎవరైనా అలా నడిస్తే భటులు పట్టుకునేవారు. అయితే భటులు కూడా నిదానంగానే రావాలి గనక, వాళ్ళు వచ్చేదాకా నేరస్థుడు మర్యాదగా నిలబడి ఎదురుచూడాలి. పట్టుకున్నాక కాళ్ళకు ఇసుక మూటలు కట్టి ఇంటికి పంపేవారు. వస్తాదులు కసరత్తు చేసే తాలింఖానాకు తాళం పడింది. కోటగంట కొట్టేవాడు ఒక దెబ్బ కొట్టి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా ఆగి, అప్పుడు రెండో దెబ్బ కొట్టాలి. మిట్టమధ్యాహ్నపు గంటలు పూర్తయ్యేసరికి ఆవులు మేతనుంచి ఇళ్ళకు తిరిగి వచ్చేవి. ఎవరో జోలపాట పాడి, మేలుకొలుపు పాడడం మరిచిపోయి వెళ్ళినట్టు ఊరంతా జోగుతూ ఉండేది.

ఇదంతా పరాక్రమ భూపతిగారి చలవ. పేరులో పరాక్రమం ఉందిగానీ ఆ మహారాజు నేలమీద కాలు మోపి ఏళ్ళు గడిచాయి. పడకమీంచి పల్లకీలోకి, పల్లకీలోంచి సింహాసనంమీదికి, మళ్ళీ పల్లకీలోకి. దానికొక కారణం ఉంది. ఆయన తండ్రి ఒక పండగనాడు కొండగుడి మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. అప్పుడు యువరాజు పక్కమెట్టు మీదే ఉన్నాడు. ఆనాటినుంచి ఆయనకు మెట్లంటే భయం, నడకంటే భయం, తన గుండెచప్పుడు తనకు వినబడితే మరీ భయం. కానీ రాజు గనక భయాన్ని భయమని చెప్పుకోలేడు. దానికొక సిద్ధాంతం కావలసి వచ్చింది.

ఆ సిద్ధాంతాన్ని సమర్పించుకున్నవాడు ఆస్థాన వైద్యశిఖామణి త్ర్యంబకశాస్త్రి. బ్రహ్మదేవుడు ప్రతి ప్రాణికీ ఇన్ని ఊపిరులని కొలిచి పంపాడట. కుక్క రొప్పి రొప్పి తన వాటా ఊదేసుకుని త్వరగా పోతుందట. తాబేలు ఎప్పుడో ఒక ఊపిరి తీసి, ఎప్పుడో వదిలి, తరాల తరబడి బతుకుతుందట. అందుచేత కదలనివాడే చిరంజీవి. దీనికి సాక్ష్యంగా శాస్త్రి ఒక తాబేలును తెచ్చి, సభామండపంలో ఓ మూల పెద్ద ఇత్తడి గంగాళంలో ఉంచాడు. స్నానానికి నీళ్ళు కాచుకునే గంగాళం అది. అడుగున కొద్దిగా నీళ్ళు పోశారు. ఏటిలో చేపలు పట్టేవాళ్ళ వలలో పడ్డ ముసలి తాబేలు అందులో తల లోపలికి లాక్కుని, నల్లరాయిలా పడి ఉండేది.

ప్రతి ఉదయం ఆరోగ్య దర్బారు జరిగేది.

"శాస్త్రీ! పల్లకీలోంచి సింహాసనంమీదికి జరిగితేనే గుండె దడదడలాడుతుందేం?" అని రాజు అడిగేవాడు.

"దాచుకున్న ఊపిరులు ఖర్చైపోతున్నాయని మొర పెట్టుకుంటోంది ప్రభూ."

"కూచుంటే కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయే?"

"కాళ్ళు ధ్యానంలోకి జారుకుంటున్నాయి ప్రభూ. శుభసూచకం."

"పొద్దుటినుంచి ఒకటే త్రేనుపులు."

"తిన్న అన్నం నిదానంగా ఆలోచించుకుంటోంది ప్రభూ."

"అది సరే. ఒకరు ఆవులిస్తే అందరికీ ఆవులింత వస్తుందెందుకు?"

"రాజభక్తి ప్రభూ!"

రాజు ఆవులించాడు. సభంతా ఆవులించింది. వింజామర వీచేవాడు ఆవులించి, వింజామర జారవిడిచి, నిదానంగా వంగి తీసుకున్నాడు.

ఆవులించనివాడు ఒక్కడే. ఆస్థాన విదూషకుడు కొండుభట్టు. ఈదురుగాలి వస్తే ఎగిరిపోతాడేమో అన్నంత బక్కపలచని మనిషి. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. ఈమధ్య రాజు నవ్వితే ఊపిరి దండగని శాస్త్రి చెప్పడంతో అతనికి పనిలేకుండా పోయింది.

దర్బారు చివర రాజు గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడిగేవాడు. అది మాత్రం రోజూ ఒకటే.

"మా పున్నమి ఎలా ఉంది?"

పున్నమి ఏనుగు. పట్టపుటేనుగే అయినా ఆయనకు అంతకంటే ఎక్కువ. పసితనంలో ఆయన తొలి అడుగులు వేసింది దాని తొండం పట్టుకునే. అది ముసలిదైపోతోందని తెలిసినప్పటినుంచి రాజుకు బెంగ పట్టుకుంది. దాని ఊపిరులు ఒక్కటీ వృథా కాకూడదని, రోజూ ఏటికి తీసుకువెళ్ళడం మాన్పించి గజశాలలో రాతినేల మీద గొలుసువేసి కట్టించాడు. ప్రేమతోనే కట్టించాడు. చూడాలని ప్రాణం కొట్టుకునేదిగానీ గజశాల దారి పల్లం, పల్లకీ ఒరిగిపోతుందని భయం. అందుకని కబురు అడిగి ఊరుకునేవాడు.

"దివ్యంగా ఉంది ప్రభూ. ఈమధ్య పడుకోవడం కూడా మానేసింది. నిలబడే నిద్ర. మహాయోగులకు గానీ రాని స్థితి!" అన్నాడు ఒకరోజు శాస్త్రి.

రాజు తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. కొండుభట్టు మాత్రం కళ్ళు తెరిచాడు.

ఆ మధ్యాహ్నం అతను గజశాలకు వెళ్ళాడు. లోపల మసక వెలుతురు. పైకప్పు సందులోంచి ఎక్కడివో బూరుగు దూదిపింజలు దిగుతున్నాయి. పున్నమి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. తల మెల్లగా అటూ ఇటూ ఊపుతూ, ముందుకాలు ఎత్తి, గొలుసు సాగినంతవరకు సాచి, మళ్ళీ అక్కడే పెడుతోంది.

"ఏం చేస్తోంది బీరప్పా?" అని మావటిని అడిగాడు కొండుభట్టు.

"ఏటికి పోతున్నాననుకుంటా ఉంది సామీ," అన్నాడు బీరప్ప. అతను దాని పాదం పక్కన గొంతుక్కూచుని, పగుళ్ళకు ఆముదం రాస్తున్నాడు.

"పడుకోవడం లేదట కదా?"

బీరప్ప ఆముదం గిన్నె పక్కన పెట్టాడు. "ఏనుగు నిలబడి కునుకు తీస్తది సామీ, అది నిజమే. ఒళ్ళు మరిచి నిద్రపోవాలంటే మట్టుకు పక్కకు ఒరగాల్సిందే. మళ్ళీ లేవగలనో లేదో అని దానికి అనుమానం వచ్చిందనుకో, ఇంక ఒరగదు. ఇట్టా గోడను పట్టుకుని నిలబడతది. నిలబడి నిలబడి ఏదో ఒకనాడు కూలిపోతది. కూలిందంటే ఆ బరువును నేనెట్టా లేపేది? నడిపిస్తే కాళ్ళల్లో సత్తువ వచ్చేది. ఆ మాటే చెప్పబోతే..." అని తన కాళ్ళు చూపించాడు. చీలమండలకు ఇసుక మూటలు వేలాడుతున్నాయి.

కొండుభట్టు ఏనుగు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. నవ్వించడం వృత్తిగా పెట్టుకున్నవాడు ఏడిస్తే చూడడానికి బాగుండదని తల అటు తిప్పుకున్నాడు. తరవాత సభామండపానికి వెళ్ళి, ఎవరూ లేని సమయం చూసి, గంగాళంలోకి తొంగిచూశాడు. నున్నటి ఇత్తడి గోడమీద లోపలివైపు నిండా సన్నటి గీతలు. తాబేలు గోళ్ళ గీతలు.

"ఓహో! గురువుగారూ, మీ సంగతీ ఇంతేనా?" అన్నాడు మెల్లగా.

మర్నాడు దర్బారులో కొండుభట్టు లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, తమరు తాబేలు మార్గాన్ని సగమే పాటిస్తున్నారు. మార్గం పట్టారుగానీ గురువును పట్టలేదు. ఒక్కరోజు కూర్మదీక్ష తీసుకోండి. గురువు చేసింది తమరూ చేయాలి. గురువుకు చేతికందేంత దూరంలోనే ఉండాలి. పొద్దు కుంకేసరికి త్రేనుపులూ తిమ్మిర్లూ పోయి, తమకు కావలసిన రహస్యం తెలియకపోతే నా కాళ్ళకు జీవితాంతం ఇసుక మూటలు కట్టించండి."

రాజు శాస్త్రివైపు చూశాడు. విదూషకుడు తన సిద్ధాంతాన్ని మెచ్చుకోవడం శాస్త్రికి అదే మొదటిసారి. ఆయన మొహం వికసించింది.

"బుద్ధి కొంచెం ఆలస్యంగా వచ్చినా వచ్చింది. దివ్యమైన ఆలోచన ప్రభూ! నేనూ తమతోపాటు దీక్ష పడతాను. గురువుగారి పక్కన రోజంతా కూచోవడమేగా!"

సోమవాక రాజులకు ఒక వంశాచారం ఉంది. బంగారు చెంబులో ఏటినీళ్ళు తెప్పించి, వాటిని ముట్టి ఏదైనా మాట చెబితే పొద్దు కుంకేదాకా ఆ మాట తప్పకూడదు. రాజు నీళ్ళు ముట్టి దీక్ష పట్టాడు. శాస్త్రి కూడా ముట్టి, ఆ నీళ్ళనే కళ్ళకద్దుకున్నాడు.

"ఇంకొక్క మనవి. శిష్యులు పట్టుపరుపు మీదా, గురువు గంగాళంలోనా? అపచారం కాదూ? ఆయన్ను నేలమీద కూచోబెడదాం," అన్నాడు కొండుభట్టు.

తాబేలును బయటకు తీసి ఉద్యానవనంలో పచ్చికమీద ఉంచారు. రాజును పల్లకీలో తెచ్చి పక్కన దించారు. రాజు కూర్చున్నాడు. శాస్త్రి కూర్చున్నాడు. తాబేలు తల లోపలే ఉంచుకుంది. ఏటిమీంచి వచ్చిన పొగమంచు చెట్ల మొదళ్ళలో ఇంకా పడుకునే ఉంది.

"చూశారా స్థైర్యం!" అని శాస్త్రి గుసగుసగా అన్నాడు. రాజు ఆవులించాడు.

ఎండ మెల్లగా పాకుతూ వచ్చి తాబేలు డిప్పమీద పడింది. డిప్ప వెచ్చబడింది. ముందు ముక్కుకొస బయటికి వచ్చింది. తరవాత ముడతలుపడ్డ మెడ, చిన్న నల్లటి కళ్ళు. తాబేలు ఇటు చూసింది, అటు చూసింది. ఏటివైపునుంచి వచ్చే గాలిని వాసన చూసింది. నాలుగు కాళ్ళూ బయటపెట్టి, లేచి, నడవడం మొదలుపెట్టింది.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

"ఆసనం మారుస్తున్నారు ప్రభూ. ఇప్పుడే ఆగుతారు," అన్నాడు శాస్త్రి.

ఆగలేదు. చేతికందే దూరం దాటిపోయింది.

"దీక్ష, ప్రభూ!" అని గుర్తుచేశాడు కొండుభట్టు.

రాజు చెయ్యి చాచాడు. ఇద్దరు సేవకులు పట్టుకుని లేపారు. ఏళ్ళ తరవాత పరాక్రమ భూపతి పాదాలకు తడిగడ్డి తగిలింది. ఆయన ఒళ్ళు జలదరించింది. ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. కాళ్ళల్లో చీమలు పాకాయి. కాసేపటికి చీమలు దిగిపోయాయి. తోట దాటేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"భట్టూ! గుండె! గుండె కొట్టుకుంటోంది!"

"వినబడుతోందా ప్రభూ?"

"బాగా వినబడుతోంది!"

"అయితే పనిలోనే ఉంది. వినబడనప్పుడు కంగారుపడదాం."

సరిగ్గా అప్పుడు తాబేలు ఒక గడ్డిపరక కొరకడానికి ఆగింది. రాజూ ఆగాడు. దడ మెల్లగా సర్దుకుంది. ఇది ఆయనకు వింతగా తోచింది. తన గుండె ఇంత బుద్ధిమంతురాలని ఆయనకు తెలియదు. తాబేలు మళ్ళీ కదిలింది. ఆయనా కదిలాడు, ఈసారి సేవకుల చేతులు వదిలిపెట్టి.

అలా సాగింది ఆ ఊరేగింపు. ముందు తాబేలు, వెనక మహారాజు, ఆయన వెనక శాలువా సర్దుకుంటూ శాస్త్రి. వీధిలో జనం తలుపుల దగ్గరే నిలబడిపోయారు. రాజుగారిని నిలువెత్తున చూసి, ఇది కలేమోనని ఒకరినొకరు గిల్లి చూసుకున్నారు.

దారి పల్లంగా దిగి, గజశాల ముందునుంచి ఏటివైపు పోతుంది. తాబేలు అటే మళ్ళింది.

గజశాల గుమ్మంలోంచి రాజు లోపలికి చూశాడు. చీకట్లో పెద్ద ఆకారం ఒకటి గోడకు చేరబడి ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. ముందుకాలు గాలిలోకి లేచి, గొలుసు లాగితే వెనక్కి పడుతోంది. మళ్ళీ లేచి మళ్ళీ పడుతోంది.

"ఇది... ఇది పున్నమేనా?" అన్నాడు రాజు.

ఆ గొంతు వినగానే ఊగుతున్న తల ఆగింది. తొండం చీకట్లోంచి బయటికి సాగి, గాలిలో వెతికింది. అందలేదు.

రాజు గుమ్మంవైపు ఒక అడుగు వేశాడు. తాబేలు మాత్రం ఏటివైపు పోతూనే ఉంది. చేతికందే దూరం మించిపోతోంది.

"గురువుగారూ, ఆగండి! ఒక్క నిమిషం ఆగండి!" అని మహారాజు తాబేలును బతిమాలాడు. ఆ రాజ్యంలో ఆయన ఆజ్ఞను లెక్కచేయనిది అదొక్కటే. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నేను ఆగలేను, అది రాలేదు, మధ్యలో ఈ గొలుసు నేను వేయించిందే కదా అనుకున్నాడు. అనుకోవడమే ఆలస్యం, మీసాలు అదిరేలా అరిచాడు:

"బీరప్పా! గొలుసు విప్పు! పున్నమిని నా వెంట తీసుకురా!"

"ప్రభూ, శాసనం!" అన్నాడు శాస్త్రి.

"శాసనం నాదే, ఏనుగూ నాదే! విప్పవయ్యా!"

బీరప్ప గొలుసు విప్పాడు. పున్నమి గోడ వదిలింది. ఒక కాలు ఎత్తి, ఇప్పుడు కూడా గొలుసు లాగుతుందేమోనని గాలిలోనే కాసేపు ఆపి, ముందుకు పెట్టింది. లాగలేదు. ఇంకో కాలు పెట్టింది. గుమ్మం దాటి ఎండలోకి వచ్చి, తొండం చాచి రాజు భుజంమీద వేసింది. రాజు తొండం కొస పట్టుకున్నాడు. ఇద్దరూ తాబేలు వెనక నడిచారు.

కొండుభట్టు వెనకబడి, మావటి పక్కన నడుస్తున్నాడు. "నడక మరీ ఎక్కువైతే దానికి ప్రమాదం కాదు గదా?"

"గుర్రం వెంట పోతే ప్రమాదమే సామీ," అన్నాడు బీరప్ప కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నాళ్ళు కట్టేసిన కాళ్ళకు ఇదే సరైన నడక."

"రెండుకాళ్ళ ఆయనకు కూడా," అన్నాడు కొండుభట్టు.

ఏరు వచ్చింది. నీళ్ళమీద పొగమంచు పల్చటి ఉత్తరీయంలా కదులుతోంది. తాబేలు ఒడ్డున క్షణం ఆగి, నీళ్ళలోకి జారింది. రాజు మరి ఆలోచించలేదు, మోకాలిలోతుకు దిగాడు. పున్నమి దిగింది. దీక్ష గనక శాస్త్రికీ తప్పలేదు. శాలువా తలకు చుట్టుకుని, "శివశివా" అనుకుంటూ దిగాడు. అప్పటిదాకా రాయిలా ఉన్న తాబేలు నీళ్ళలో రెక్కలొచ్చినట్టు సర్రున ఒక చుట్టు చుట్టి, లోతుల్లోకి వెళ్ళి మాయమైంది. గురువే శిష్యుల్ని వదిలిపోయాడు గనక దీక్ష అక్కడితో తీరిపోయింది.

శాస్త్రి నోరు తెరుచుకుని చూశాడు. "అసంభవం! ఏడాదిగా గమనించాను. ఒక్క అడుగైనా వేయలేదు!"

"ఎక్కడ గమనించారు శాస్త్రిగారూ?"

"గంగాళంలో."

"నున్నటి ఇత్తడి గోడలు, తనకంటే ఎత్తు. పాపం, వాటిని గోకి గోకి గీతలు కూడా పెట్టారు గురువుగారు. తమరిని ఓ ఏడాది బావిలో ఉంచి, పైనుంచి చూసి, పండితులు నడవరని నేనూ ఒక సిద్ధాంతం చేసేవాణ్ణి."

అంతలో పున్నమి తొండంనిండా నీళ్ళు పీల్చి, గురిచూసినట్టు శాస్త్రి నెత్తిమీద చిమ్మింది.

రాజుకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. ఆగలేదు. పొట్ట పట్టుకుని, వంగి, ఊపిరులన్నీ దండగచేస్తూ నవ్వాడు. ఒడ్డున జనం నవ్వారు. తడిసి ముద్దయిన శాస్త్రి కూడా చివరికి, "ఈ నవ్వు కూడా అంటుకునేదే సుమా!" అంటూ నవ్వేశాడు.

నవ్వు ఆగాక రాజు మెల్లగా అడిగాడు. "భట్టూ, మరి మా నాన్నగారు? నడిచే కదా పోయారు?"

కొండుభట్టు ఈసారి చమత్కారం చేయలేదు. "ప్రభూ, పెద్దప్రభువులు అంతకుముందు పల్లకీ దిగిన రోజు తమకేదైనా గుర్తుందా?"

రాజు ఏటివైపు చూస్తూ జ్ఞాపకాలు వెతుక్కున్నాడు. "లేదు," అన్నాడు. "ఆ ఒక్కరోజే దిగారు. ఒకేసారి కొండంతా ఎక్కుదామనుకున్నారు." ఆ మాట అన్నాక ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు ఏటిలో జారవిడిచినట్టు ఆయన భుజాలు తేలికపడ్డాయి. వెంటనే ఆయన కడుపులో పెద్ద చప్పుడైంది.

"ఇదేం రోగం భట్టూ?"

"ఆకలి ప్రభూ."

బీరప్ప తన చద్దిమూటలోని జొన్నరొట్టె విరిచి ఇస్తే, మహారాజు ఒడ్డున కూచుని, పున్నమికి ఒక ముక్క పెడుతూ, తానొక ముక్క తిన్నాడు. బీరప్ప కాళ్ళ ఇసుక మూటలు స్వయంగా విప్పాడు. ఆ సాయంత్రమే తాలింఖానా తాళం తీశారు. కోటగంట చాలాకాలం తరవాత గణగణమంది.

"నీకేం కావాలో కోరుకో," అన్నాడు రాజు కొండుభట్టుతో.

"తమ పల్లకీ ఇప్పించండి ప్రభూ."

"నువ్వూ ఎక్కి ఊరేగుతావా?"

"మా ఆవిడ కోళ్ళకు గూడు లేదు ప్రభూ. తలుపులు గట్టిగా ఉన్నాయి, పరుపు కూడా మెత్తన."

రాజు మళ్ళీ నవ్వి, పల్లకీతోపాటు మెళ్ళో ముత్యాలహారం కూడా తీసి ఇచ్చాడు.

మర్నాడు దర్బారులో రాజు ఏ ప్రశ్నా అడగలేదు. త్రేనుపుల మాట ఎత్తలేదు. గుమ్మంవైపే చూస్తూ కూచున్నాడు. పొద్దు కొంచెం ఎక్కాక బీరప్ప రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. పరుగెత్తినందుకు ఎవరూ పట్టుకోలేదు.

"దొరా! రాత్రి పున్నమి పడుకుంది! గోడ వదిలేసి, పక్కకు ఒరిగి, గుర్రుపెట్టి నిద్రపోయింది!"

సభ ఊపిరి బిగబట్టింది. రాజు ముందుకు వంగాడు.

"మరి... లేచిందా?"

"తెల్లారకముందే లేచింది దొరా. తనంతట తనే లేచింది. గుమ్మంకాడ నిలబడి, తమరొచ్చే దారిలోకి తొండం చాపుకుని చూస్తా ఉంది."

పరాక్రమ భూపతి సింహాసనంమీంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాడు. కిరీటం తీసి ఆసనంమీద పెట్టి, మెట్లు దిగి, పొగమంచులోకి నడిచి వెళ్ళాడు.